వంశధార నుంచి గంగ దాకా: అంకెల్లో చోడగంగుడు

శ్రీకాకుళం నుంచి సుమారు 45 కిలోమీటర్లు వెళ్తే వంశధార ఎడమ గట్టున శ్రీముఖలింగం వస్తుంది. జలుమూరు మండలంలో ఒక పల్లె. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు అనే మూడు పాత గుళ్ళు, శివరాత్రి జాతర, చక్రతీర్థ స్నానం... ఇంతవరకూ జిల్లాలో అందరికీ తెలుసు. 900 ఏళ్ళ కిందట ఈ ఊరి పేరు కళింగనగరం అనీ, తూర్పు తీరంలో ఒక పెద్ద రాజ్యానికి ఇదే రాజధాని అనీ తెలిసినవాళ్ళు తక్కువ. ఇక్కడి గద్దెనెక్కిన అనంతవర్మ చోడగంగదేవుడి సైన్యం ఒకవైపు వేంగి మీదికి, మరోవైపు గంగానది ఒడ్డుకు నడిచిందని తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ.

ఆయన చరిత్రను గ్రంథంగా రాసిపెట్టిన ఆస్థాన చరిత్రకారుడు లేడు. మనకు మిగిలినవి రాగిరేకులు, గుడి గోడల మీది శాసనాలు. వాటిలో దండిగా దొరికేవి అంకెలే: శక సంవత్సరాలు, పాలనా సంవత్సరాలు, దీపానికి ఇచ్చిన మాడ నాణేలు. ఆ అంకెల వెంటే వెళ్తే ఈ విజేత ఎలా ఎదిగాడో, ఎక్కడ దెబ్బతిన్నాడో, ఏం మిగిల్చి వెళ్ళాడో తేటగా కనిపిస్తుంది.

ముందు ముఖ్యమైన అంకెలు:

• 1078: పట్టాభిషేకం జరిగిన సంవత్సరం
• దాదాపు 70: చోడగంగుడు ఏలిన ఏళ్ళు
• 52: ఆయన ప్రధాన ప్రత్యర్థి కులోత్తుంగ చోళుడు ఏలిన ఏళ్ళు
• 290 కి.మీ.: ముఖలింగం నుంచి కొత్త రాజధాని కటకానికి సూటిగా కొలిస్తే వచ్చే దూరం, సుమారుగా
• 65 మీటర్లు: ఆయన మొదలుపెట్టించిన పూరీ జగన్నాథాలయం ఎత్తు
• 356: ఆయన పట్టాభిషేకం నుంచి గంగ వంశ పాలన ముగిసేదాకా నడిచిన ఏళ్ళు

13 ఏళ్ళు, 70 ఏళ్ళు

విజేత అనగానే లోకమంతా తలుచుకునే పేరు అలెగ్జాండర్. క్రీ.పూ. 336లో 20 ఏళ్ళ వయసులో మాసిడోనియా రాజయ్యాడు. 334లో ఆసియాలో అడుగుపెట్టాడు. 331లో గాగమేల దగ్గర పారశీక చక్రవర్తి మూడో డరయస్ సైన్యాన్ని విరగ్గొట్టాడు. 326లో జీలం ఒడ్డున పోరస్‌ను గెలిచి బియాస్ నది దాకా వచ్చాడు. అక్కడ సైనికులు ఇక ముందుకు కదలబోమన్నారు. 323 జూన్‌లో బాబిలోన్‌లో చనిపోయేనాటికి ఆయన వయసు 32, పాలించింది 13 ఏళ్ళు.

గ్రీకు భాష, గ్రీకు నాణేలు, గ్రీకు పద్ధతిలో కట్టిన నగరాలు ఆయన వల్ల మధ్య ఆసియా దాకా పాకాయి. ఆ వారసత్వం చిన్నది కాదు. కానీ రాజ్యం నిలవలేదు. పదిహేనేళ్ళు తిరక్కుండానే ఆయన కొడుకును చంపేశారు. 301లో ఇప్సస్ యుద్ధం నాటికి సేనాపతులే రాజులై భూములు పంచుకుంటున్నారు.

చోడగంగుడి లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. గెలిచిన నేల అలెగ్జాండర్ గెలిచినదానిలో చిన్న ముక్క. ఏలిన కాలం అయిదింతలకు పైన. వంశం ఆయన తర్వాత కూడా దాదాపు మూడు శతాబ్దాలు నిలబడింది. విజేతల్ని మైళ్ళతో కొలవడం మనకు అలవాటైపోయింది. కొలవాల్సిన లెక్కలు మరో రెండున్నాయని నా నమ్మకం: ఓడిపోయాక ఏం చేశాడు, చనిపోయాక ఏం మిగిలింది.

60,000 కాల్బలం, 700 ఏనుగులు

అలెగ్జాండర్ కళింగానికి రాలేదు. ఆయన వెంట వచ్చిన గ్రీకుల ఆసక్తి మాత్రం వచ్చింది. ఆయన సేనాపతి సెల్యూకస్ చంద్రగుప్త మౌర్యుడితో సంధి చేసుకుని 500 ఏనుగులు తీసుకున్నాడు, పాటలీపుత్రానికి మెగస్తనీస్ అనే రాయబారిని పంపాడు. ఆ తరం గ్రీకులు సేకరించిన వివరాలను క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ నమోదు చేశాడు. అందులో కళింగ రాజుకు 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు కాపలా ఉంటాయని ఉంది. మన తీరం గురించి బయటి ప్రపంచం రాసిపెట్టిన తొలి లెక్కల్లో ఇదొకటి.

రెండో లెక్క అశోకుడిది. పట్టాభిషేకమైన 8 ఏళ్ళకు, క్రీ.పూ. 261 ప్రాంతంలో, కళింగాన్ని గెలిచాడు. 1,50,000 మందిని చెరపట్టి తరలించామనీ, 1,00,000 మంది చచ్చిపోయారనీ, అంతకు ఎన్నో రెట్లు మంది ఆ తర్వాత నశించారనీ ఆయనే 13వ శిలాశాసనంలో చెప్పుకున్నాడు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆ శాసనం ఉంది. కళింగంలోని ధౌళి, జౌగడ బండల మీద మాత్రం దాన్ని చెక్కించలేదు. గాయపడ్డ జనం ముందు గాయం లెక్క చదవడం ఎందుకనుకున్నాడేమో. అదే శాసనంలో అలికసుందరుడనే యవన రాజు పేరుంది. ఆయన మహా అలెగ్జాండర్ కాదు, అశోకుడి కాలంలో గ్రీసు దేశపు ఒక ప్రాంతాన్ని ఏలిన అదే పేరు గల మరో రాజు.

ఈ అంకెల్ని ఇక్కడ గుర్తుచేయడానికి కారణముంది. గెలిచిన రాజే చచ్చినవాళ్ళ లెక్క చెప్పడం మన చరిత్రలో చాలా అరుదు. చోడగంగుడి రాగిరేకుల్లో యుద్ధాలున్నాయి, బిరుదులున్నాయి. చనిపోయినవాళ్ళ లెక్క లేదు. ఆయన గొప్పతనం గురించి మాట్లాడే ప్రతిచోటా ఈ ఖాళీని మనసులో ఉంచుకోవాలి.

498 నుంచి మొదలైన లెక్క

గంగ వంశం చోడగంగుడితో పుట్టలేదు. గంగ శకం క్రీ.శ. 498 ప్రాంతంలో మొదలైందని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. టెక్కలి దగ్గరి జిర్జింగిలో దొరికిన ఇంద్రవర్మ రాగిరేకులు ఆ శకంలో 39వ ఏటివి. అంటే 537 నాటికే ఈ నేల మీద గంగులు అగ్రహారాలు ఇస్తున్నారు. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాకూ ఒడిశాకూ సరిహద్దున నిలబడ్డ 1,501 మీటర్ల మహేంద్రగిరి వాళ్ళకు కులపర్వతం. దాని మీది గోకర్ణేశ్వరుడు కులదైవం.

తర్వాత అయిదు శతాబ్దాల పాటు వాళ్ళు చిన్న రాజులే. ఒక దశలో రాజ్యం దాయాదుల మధ్య ముక్కలైంది కూడా. ఆ ముక్కల్ని కూడగట్టినవాడు చోడగంగుడి తాత వజ్రహస్తుడు. 1038లో పట్టం కట్టుకుని 33 ఏళ్ళు ఏలాడు. త్రికళింగాధిపతి బిరుదుకు బలం తెచ్చింది ఆయనే. తర్వాత చోడగంగుడి తండ్రి రాజరాజ దేవేంద్రవర్మ 8 ఏళ్ళే ఉన్నాడు గానీ, ఆ ఎనిమిదేళ్ళలోనే చోళులతో యుద్ధమూ చేశాడు, చోళ రాజకుమారి రాజసుందరిని పెళ్ళీ చేసుకున్నాడు. కళింగపట్నం దగ్గరి దీర్ఘాసిలో ఆయన సేనాపతి బాణపతి 1075లో వేయించిన శాసనం వేంగి, కోసల, ఒడ్డ సైన్యాల మీద విజయాలు చెప్పుకుంటుంది.

కొడుకు పేరు దగ్గరే రెండు వంశాలూ కలిశాయి. తల్లి వైపు చోడులు, తండ్రి వైపు గంగులు: చోడగంగుడు.

తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది

పట్టాభిషేకం తేదీ ఇంత కచ్చితంగా ఎలా తెలిసింది? శాసన కవులు సంవత్సరాన్ని అంకెల్లో కాక పేర్లలో చెప్పేవాళ్ళు. నందులు తొమ్మిదిమంది, శరీరంలో రంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది. ఈ మూడు మాటలూ వరసగా వస్తే శక సంవత్సరం 999. ఈ పద్ధతిలో అంకెల్ని చివరి నుంచి మొదటికి చదవాలి. వజ్రహస్తుడి పట్టాభిషేకాన్ని ఆకాశం, ఋతువులు, నిధులు అన్నారు. అంటే 0, 6, 9. తిప్పి చదివితే శకం 960, క్రీ.శ. 1038.

శకానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఏడాది చివరి నెలలైతే 79 కలపాలి. చోడగంగుడి పట్టాభిషేకం సూర్యుడు కుంభంలో ఉండగా, శుక్ల తదియ, రేవతి నక్షత్రం, శనివారం అని శాసనం చెబుతోంది. లెక్క కడితే 1078 ఫిబ్రవరి 17 తేలింది. ఆ రోజు నిజంగానే శనివారం. తొమ్మిదిన్నర శతాబ్దాల కిందటి ఒక రోజును వారంతో సహా పట్టుకోగలగడం మన పంచాంగ గణితం మనకిచ్చిన వరం.

అప్పటికి రాజు చిన్నపిల్లవాడు. తండ్రి పోయాడు. దక్షిణాన మేనమామల చోళ సామ్రాజ్యం, ఉత్తరాన ఉత్కళం, పడమట రత్నపురం కలచురులు. పసిరాజు గద్దె మీద ఉన్న చిన్న రాజ్యం వీళ్ళ మధ్య నిలబడడమే కష్టం.

1003, 1040, 1057

విశాఖపట్నం రాగిరేకులని పేరున్న మూడు శాసనాల తేదీలు ఇవి, శక సంవత్సరాల్లో. క్రీస్తు శకంలో 1081, 1118, 1135. ఒకే రాజు 54 ఏళ్ళ వ్యవధిలో వేయించినవి. వరసగా పెట్టి చూస్తే రాజ్యం పెరగడం కళ్ళకు కడుతుంది.

1081 నాటి రాజు పాలన నాలుగో ఏటిలో ఉన్న బాలుడు. అప్పుడు చెప్పుకోవడానికి తాతతండ్రుల బిరుదులే ఉన్నాయి. 1118 నాటికి మాట మారింది. తూర్పున పడిపోయిన ఉత్కళ రాజునూ, పడమట క్షీణించిన వేంగి రాజునూ తానే మళ్ళీ నిలబెట్టానని చెప్పుకుంటాడు. ఆ రెండు దిక్కులకూ రాజుల్ని నిలిపే స్థాయి తనదని దాని అర్థం. 1135 నాటికి ఉత్కళం చేతికింది సామంతం కాదు, రాజ్యానికి నడిబొడ్డు.

1081కీ 1118కీ మధ్య ఏం జరిగిందన్నదే అసలు కథ. ఆ నడిమి కాలంలో చోడగంగుడు చిత్తుగా ఓడిపోయాడు.

1,000 ఏనుగులు

తమిళంలో పరణి అని ఒక కావ్య ప్రక్రియ ఉంది. యుద్ధంలో 1,000 ఏనుగుల్ని చంపిన వీరుడి మీద పాడేది. ఆ ప్రక్రియలో అందరికంటే పేరు తెచ్చుకున్న కావ్యం జయంకొండార్ రాసిన కళింగత్తుప్పరణి. అందులో గెలిచింది కులోత్తుంగ చోళుడి సేనాపతి కరుణాకర తొండైమాన్. ఓడింది మన కళింగం. కప్పం కట్టలేదన్న కోపంతో 1110 ప్రాంతంలో చోళ సైన్యం ఇక్కడిదాకా వచ్చింది. కళింగ రాజు యుద్ధభూమి వదిలి పారిపోయాడని కావ్యం చెబుతుంది.

ఈ కులోత్తుంగుడు మనకు పరాయివాడేమీ కాదు. నన్నయ చేత భారతం రాయించిన రాజమహేంద్రవరం రాజరాజ నరేంద్రుడి కొడుకు. వేంగి రాజవంశంలో పుట్టి, 1070లో చోళ సింహాసనమెక్కి, 52 ఏళ్ళు ఏలినవాడు. అంటే గోదావరి బిడ్డకూ వంశధార బిడ్డకూ మధ్య, చోళ నెత్తురు పంచుకున్న ఇద్దరి మధ్య జరిగిన పోరాటమిది.

ఓటమి తర్వాతి అంకెల్ని చూడండి. శ్రీకాకుళం దగ్గరి కోర్నిలో దొరికిన చోడగంగుడి రాగిరేకుల తేదీ శకం 1034, క్రీ.శ. 1112. చోళుల దాడి జరిగి రెండు మూడేళ్ళు కాకముందే రాజు భూదానాలు చేస్తున్నాడు. 1114లో భువనేశ్వర్ లింగరాజ ఆలయంలో ఆయన శాసనం పడింది. దక్షిణాన దెబ్బతిన్న రాజు నాలుగేళ్ళకల్లా ఉత్తరాన జెండా పాతాడన్నమాట. చోళులు గెలిచారు, దోచుకున్నారు, తిరిగి వెళ్ళిపోయారు. ఉండి ఏలలేదు. ఆ సందు చోడగంగుడికి చాలింది. 1118లో వేంగి పాలకుడిగా ఉన్న విక్రమ చోళుడు తండ్రి పిలుపు మీద దక్షిణానికి వెళ్ళగానే వేంగి వైపు దారి కూడా తెరుచుకుంది. ఆ వైపు తీసుకున్న నేల మాత్రం ఎక్కువకాలం నిలవలేదు. వెలనాటి చోడులు అడ్డు నిలిచారు.

ఆయన అన్ని దిక్కులా గెలిచాడని రాస్తే అబద్ధమవుతుంది. రత్నపురం రాజు రెండో రత్నదేవుడు చోడగంగుణ్ణి ఓడించానని తన శాసనాల్లో చెప్పుకున్నాడు. ఉత్తరాన మాత్రం గంగ సైన్యం హుగ్లీ ప్రాంతపు మందారం దాకా వెళ్ళి, గంగ ఒడ్డు నేలల నుంచి కప్పం వసూలు చేసింది. పడమట ఓటమి, దక్షిణాన ఆటుపోట్లు, ఉత్తరాన గెలుపు. ఈ మూడింటి మొత్తమే ఆయన రాజ్యం.

290 కిలోమీటర్లు

1135 ప్రాంతంలో రాజధాని కళింగనగరం నుంచి మహానది ఒడ్డున ఉన్న కటకానికి, ఇప్పటి కటక్‌కు మారింది. కారణం పటంలోనే ఉంది. ఉత్కళం కలిశాక రాజ్యం ఈశాన్యానికి సాగింది. ముఖలింగం ఒక మూలకు పడిపోయింది. పడమట కలచురులు, ఉత్తరాన వంగ రాజులు ఉండగా ఆ రెండు దిక్కులకూ దగ్గరగా కూర్చోవాలి. మహానది డెల్టా వరిపంట సైన్యానికి తిండి. రాజుగా ఆలోచిస్తే అది సరైన నిర్ణయం.

దాని ఖరీదు కట్టింది మాత్రం మన ప్రాంతం. రాజధాని కదిలితే దానితో పాటు కొలువూ, కవులూ, శిల్పులూ, వర్తకమూ కదులుతాయి. ముఖలింగం గుళ్ళకు దానాలు ఆగలేదు. అఖండ దీపాలకు మాడలు ఇచ్చినవాళ్ళ శాసనాలు, వాటిలో చాలా తెలుగువి, ఆ గోడల మీద తర్వాతి కాలంలోనూ పడుతూ వచ్చాయి. కానీ నగరం మెల్లగా ఊరైంది, ఊరు పల్లె అయింది. ఒక విజేత గెలుపు తన పుట్టిల్లునే చిన్నబుచ్చిన సందర్భమిది.

65 మీటర్లు, 1211, 1268

పూరీలో పురుషోత్తముడికి గుడి కట్టించింది గంగేశ్వరుడని 1198 నాటి దాసగోబా రాగిరేకులు చెబుతున్నాయి. ఆ గంగేశ్వరుడు చోడగంగుడే. 65 మీటర్ల ఆ విమానం ఒక్క తరంలో పూర్తికాలేదు. 1211లో గద్దెనెక్కిన మూడో అనంగభీముడు మిగతా పని చేయించాడని సంప్రదాయం. రాజ్యం జగన్నాథుడిదనీ తాను ఆయన తరఫున ఏలే సేవకుణ్ణనీ ప్రకటించుకున్నది కూడా అనంగభీముడే. ముత్తాత వేసిన గుడి పునాది మీద మునిమనవడు రాజనీతి కట్టాడు. రాజు మారినా మారని యజమాని ఒకడు దొరికాడు. గంగ రాజ్యం అలెగ్జాండర్ రాజ్యంలా చెదిరిపోకపోవడానికి పెద్ద కారణం ఇక్కడే ఉందని నేననుకుంటాను.

మొదటి నరసింహుడు (1238-1264) కోణార్క కట్టించాడు. సింహాచలం ఇప్పటి ప్రధానాలయం ఆయన పూనికతో లేచి 1268 నాటికి పూర్తయింది. శ్రీకూర్మంలో మధ్వ యతి నరహరితీర్థుల 1281 నాటి శాసనం ఉంది. సింహాచలానికి తర్వాతి కాలంలో విజయనగరం పూసపాటి వారు అనువంశిక ధర్మకర్తలయ్యారు. ఈ ప్రాంతం వాడు సింహాచలం చందనోత్సవానికి వెళ్ళినా, కూర్మనాథుణ్ణి చూసినా, ముఖలింగంలో శివరాత్రి జాగారం చేసినా నడిచేది గంగులు వేసిన దారిలోనే.

లెక్కలోంచి తప్పించిన అంకెలు

గంగులు మిగిల్చిన ఒక విచిత్రమైన వారసత్వం అంక పద్ధతి. రాజు పాలనా సంవత్సరాల్ని లెక్కపెట్టేటప్పుడు 1ని వదిలేస్తారు. 6తో ముగిసేవి, 10 తప్ప సున్నాతో ముగిసేవి కూడా వదిలేస్తారు. మొదటి ఏడే 2వ అంక. అయిదో ఏడు 7వ అంక. పద్నాలుగో ఏడు 17, పదిహేడో ఏడు 21. గంగుల చిన్న బంగారు పణాల మీద, ఒక వైపు పడుకున్న నంది ఉంటే, మరో వైపు ఇలాంటి అంక సంఖ్యలు ఉంటాయి. ఒడియా పంచాంగాల్లో పూరీ గజపతి పేరిట ఆ లెక్క ఇప్పటికీ నడుస్తోంది. శాసనం చదివేవాడికి ఈ సూత్రం తెలియకపోతే రాజు వయసూ యుద్ధాల తేదీలూ అన్నీ తప్పుతాయి.

1434, 1936

1434లో నాలుగో భానుదేవుడి తర్వాత సింహాసనం కపిలేంద్ర గజపతి చేతికి వెళ్ళింది. 1078 నుంచి లెక్కిస్తే 356 ఏళ్ళు. గంగ శకం ఆరంభం నుంచి లెక్కిస్తే 930 ఏళ్ళకు పైన. పర్లాకిమిడి రాజులు తమను గంగ వంశీయులుగానే చెప్పుకున్నారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, ముఖలింగం ఇటు ఉండిపోయింది. ఒకప్పుడు ఒకే రాజ్యపు గుండెకాయలు ఇప్పుడు రెండు రాష్ట్రాల అంచులు. చోడగంగుణ్ణి ఒడిశా పాఠ్యపుస్తకం పూరీ నుంచి చూస్తుంది. తెలుగు పాఠ్యపుస్తకం వేంగి నుంచి, ఓరుగల్లు నుంచి చూస్తుంది. ముఖలింగం నుంచి చూసేవాళ్ళే కరువయ్యారు.

ఆ పని మొదలుపెట్టినవాడు ఈ నేల మనిషే. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు. వాడుక భాషా ఉద్యమానికి ముందు ఆయన పర్లాకిమిడిలో బడి పంతులు. శాసన లిపులు నేర్చుకుని, నరసన్నపేట ప్రాంతపు నడగాంలో దొరికిన వజ్రహస్తుడి రాగిరేకుల్నీ, దీర్ఘాసి శాసనాన్నీ ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రచురించాడు. కళింగనగరమంటే ముఖలింగమేనని వాదించి నిలబెట్టాడు. ఒక బడి పంతులు ఒక రాజధానిని మళ్ళీ పటం మీద పెట్టాడు.

ఇప్పుడు తేల్చుకోవాల్సిన లెక్క

చోడగంగుడు గొప్ప విజేతా? గెలిచిన నేల చూస్తే మధ్యస్థుడు. ఓటమి నుంచి లేచిన వేగం చూస్తే చాలా గొప్పవాడు. వెనక మిగిల్చిన గుళ్ళు, ఆచారాలు, పాలనా పద్ధతి చూస్తే మన దేశపు రాజుల్లో పైవరసలో నిలబడతాడు. ఆ గొప్పతనానికి తల పెట్టిన సైనికుల లెక్క, తగలబడ్డ ఊళ్ళ లెక్క ఎవరూ రాయలేదు. ఆ రెండో పుట ఖాళీగా ఉందని చెప్పకుండా మొదటి పుట చదివించడం న్యాయం కాదు.

మన చేతిలో ఉన్న పని చిన్నది, చేయగలిగింది. ముఖలింగం మూడు గుళ్ళూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. గోడల మీది శాసనాలు తెలుగు లిపికి దగ్గరి లిపిలోనే ఉన్నాయి, అచ్చులోకీ ఎక్కాయి. శ్రీకాకుళం, విజయనగరం బడుల పిల్లల్ని ఒక్క రోజు అక్కడికి తీసుకెళ్ళి, ఒక్క దీపదాన శాసనమైనా అక్షరం అక్షరం చదివించి, అందులోని శక సంవత్సరానికి 78 కలిపించాలి. తమ ఊరి రాయి మీది తేదీని తానే లెక్కగట్టిన పిల్లకు చరిత్ర ఇక వేరేవాళ్ళ కథ కాదు.